ఫారం అంచున పురుగు పేరు

ఫారంలో నా జవాబుకు గడి లేకపోతే ఇప్పుడు అంచు మీద రాసేస్తాను. అది నేర్పినావిడ పేరు నాకు తెలియదు.

జర్మనీలో, ఫ్రైబర్గ్ నుంచి డ్రెస్డెన్ వెళ్ళే రైల్లో, నేను ఫోన్లో మాట్లాడటం విని, ఎదుటి సీట్లోని పెద్దావిడ తెలుగులోనే పెన్ను అడిగింది. ఒళ్ళో ఆసుపత్రి ఫారం ఉంది. 'పొగ తాగుతారా? రోజుకెన్ని?' అన్నచోట వేలు పెట్టి చూపించింది.

"బ్లాడర్ క్యాన్సర్ అనగానే ఇదే అడుగుతారు బాబూ. సిగరెట్ ముట్టి ఎరగను. ఒకప్పుడు ఆఫ్రికాలో, మలావీలో లెక్కల టీచర్ని. పిల్లల్తో కలిసి సరస్సులో దిగేదాన్ని. ఆ నీళ్ళలో పురుగు ఒంట్లో చేరి, ఇన్నేళ్ళకి ఇలా క్యాన్సరై బయటపడింది."

"లేదని టిక్కు పెట్టేస్తే సరిపోతుంది కదండీ?"

"నాకు సరిపోద్ది. ఆ పిల్లలూ ఆ నీళ్ళలోనే మునిగారు. రేపు వాళ్ళలో ఒకరొచ్చి ఆ డాక్టరు ముందు కూర్చుంటే, ఆయనకి పురుగు గుర్తుకు రావొద్దూ?"

ప్రశ్న మొత్తం కొట్టేసి, అంచున పురుగు పేరు రాసి, కింద రెండు గీతలు గీసింది.

"అక్కడ రాస్తే ఒప్పుకుంటారా?" అన్నాను.

"పోయిన టెర్మిన్, అదే డాక్టరు అపాయింట్‌మెంట్‌లో రాయొద్దన్నారు," అంటూ పెన్ను తిరిగిచ్చింది. "అందుకే ఈసారి ఇంకా పెద్దగా రాశా."