వందకి పాతిక కొసరు

నా చిన్నప్పుడు మా బంధువులు ఎవరైనా ఇంట్లో పెళ్ళి పెట్టుకుంటే, మా మేనత్తను పిలవాలా వద్దా అని ముందు ఒక గొడవ జరిగేది. పిలవకపోతే ఇంటికొచ్చి కడిగేస్తుంది, పిలిస్తే పెళ్ళికొచ్చి కడిగేస్తుంది. పప్పులో ఉప్పు లేదని ఆడపెళ్ళివారి పెద్దాయన్నే పంక్తిలో నిలబెట్టి అడిగిన మనిషి ఆవిడ. మా నాన్నకి అక్క. మొగుడు పోయాక ద్రాక్షారామంలో మా వీధి చివర ఒక్కతే ఉంటూ, ఉన్న రెండెకరాల కౌలు తనే గట్టు మీద నిలబడి వసూలు చేసుకునేది. ఆవిడ పైకి కఠినంగా ఉన్నా లోపల వెన్న అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళైపోవడం నాకు నచ్చదు. నన్ను ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకున్న గుర్తు నాకు ఒక్కటీ లేదు.

అలాంటి మనిషితో నేను నేపాల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. దానికి కారణం నా జ్వరమే. ఏడో ఏట నాకు మెదడువాపు వచ్చి కాకినాడ ఆసుపత్రిలో పడి ఉంటే, డాక్టరు మా నాన్న భుజం మీద చెయ్యి వేసి, దేవుణ్ణి తలుచుకోమని వెళ్ళిపోయాడట. అప్పుడు మా నాయనమ్మ పశుపతినాథుడికి మొక్కుకుంది. ఇంటి పక్కనే భీమేశ్వరస్వామి ఉండగా అంత దూరపు దేవుడెందుకని ఎవరో అంటే, ఈయనకి రోజూ ఏదో ఒకటి మొక్కుతూనే ఉన్నాం, పెద్ద ఆపదకి కొత్త దేవుడు కావాలంది. నేను బతికాను. వెయ్యినూటపదహార్లు పసుపుగుడ్డలో ముడివేసి, దేవుడి గూట్లో పెట్టింది. ఆ రోజుల్లో మాబోటి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

ముడుపు కట్టాక హుండీలో వేసేదాకా ముడి విప్పకూడదు. అందులో ఒక్క రూపాయి తగ్గినా, ఎవరి పేరున కట్టారో వాళ్ళకి కీడు. ఈ మాట మా నాయనమ్మ నా ఎదుటే ఎన్నిసార్లు అందో చెప్పలేను. దాంతో నా ప్రాణం ఆ పసుపుగుడ్డలోనే ఉందని నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. నాన్న వస్తాడా అని గుమ్మం చూసినట్టు, ముడుపు ఉందా అని రోజూ గూడు చూసుకునేదాన్ని.

తొంభైలలో మా వైపు నుంచి కాశీ, గయ, నేపాల్ యాత్రల బస్సులు తరచుగా వెళ్ళేవి. వంటమనిషి, పొయ్యి, బియ్యం బస్తాలు అన్నీ బస్సులోనే. మొక్కు తీర్చడానికి నాయనమ్మ, మేనత్త, నేను రాజమండ్రిలో ఎక్కిన బస్సు యజమాని మెడలో రుద్రాక్షలు, నుదుట విభూతి, నోట్లో మాటమాటకీ అమ్మగారండీ. డబ్బు కట్టించుకునేటప్పుడు నాయనమ్మ మోకాళ్ళ కోసం ముందు సీటు ఇస్తానన్నాడు. తీరా ఎక్కేసరికి ఆ సీటు ఎక్కువ ఇచ్చినవాళ్ళకి అమ్మేసి, మమ్మల్ని వెనక చక్రం మీదికి తోశాడు. ఇక మా మేనత్త ఊరుకుంటుందా. బస్సు ఆగిన ప్రతిచోటా ఆ సీటు సంగతి ఎత్తింది. ఒరిస్సా దాటేసరికి జనం నవ్వడం మానేశారు, గయ దాటేసరికి మాతో మాట్లాడటం మానేశారు. గయ్యాళి అనే మాట మా వీపు వెనక కాదు, ముందే వినబడేది. మా నాయనమ్మ కూడా వాళ్ళతో చేరి, "దీని నోటికి తాళం వేసేవాడు పుట్టలేదండి" అని ఏడిచేది. నాకైతే ఆవిడ పక్కన కూర్చోవడమే సిగ్గుగా ఉండేది.

సరిహద్దు ఊరికి పొద్దున్నే చేరాం. బస్సుకి పర్మిట్ రావాలి, అందాకా ఆగాలి. యజమాని బస్సు మధ్యలో నిలబడి చేతులు జోడించాడు.

"ఇక్కణ్ణించి నేపాలోళ్ళ డబ్బులు కావాలండి. రోడ్డు మీద మార్చేవోళ్ళ దగ్గరికి మాత్రం ఎల్లకండి, దొంగనోట్లు అంటగడతారు. నేను వందకి నూట పాతిక ఇస్తానండి. నాకేం మిగలదండి, ఏదో యాత్రికుల సేవ."

రోడ్డు మీది వాళ్ళ గురించి ఆయన చెప్పింది నిజమే. అబద్ధం అమ్ముకునేవాడు ముందు ఒక నిజం ఉచితంగా ఇస్తాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. బస్సులో మాత్రం పండగ వాతావరణం వచ్చేసింది. మావాళ్ళకి కొసరంటే ప్రాణం. కొబ్బరికాయలు వంద కొంటే పైన కొసరు కాయలు పడాలి. పచ్చిమిరపకాయలు కొన్నా గుప్పెడు కొసరు వెయ్యకపోతే ఆ బుట్ట దగ్గర్నుంచి కదలరు. అక్కడా రూపాయే, ఇక్కడా రూపాయే, పేరు ఒకటే. వంద రూపాయలిస్తే నూట పాతిక రూపాయలు తిరిగొస్తున్నాయి. ఆ రూపాయి వేరు, ఈ రూపాయి వేరు అన్న ఆలోచన ఒక్క బుర్రకీ తట్టలేదు.

"ఆయ్, ఇంకేం కావాలండి. వందకి పాతిక కొసరు. నా జన్మలో ఎవరూ ఇయ్యలేదు" అన్నాడు అమలాపురం కొబ్బరి వ్యాపారి. మాకు దక్కాల్సిన ముందు సీటులో కూర్చున్నది ఆయనే. అందరూ నడుముల్లోంచి, రవికల్లోంచి, తువ్వాళ్ళ మూటల్లోంచి డబ్బు తీసి ఎగబడ్డారు.

యజమాని చివరికి మా దగ్గరికొచ్చి, నాయనమ్మ ఒళ్ళోని పసుపుగుడ్డ చూశాడు. అది కూడా మార్చేయాలన్నాడు. అక్కడి దేవుడి హుండీలో అక్కడి డబ్బే చెల్లుతుందట, మనది వేస్తే మొక్కు చెల్లదట. పైగా ఒక ఉపాయం చెప్పాడు. ముడుపు మారిస్తే పదమూడు వందల పైచిలుకు వస్తుంది, అందులోంచి వెయ్యినూటపదహార్లు స్వామికి వేసి, మిగతాది మీరే ఉంచుకోండి అన్నాడు. నాయనమ్మ మొహంలో ముందు భయం, తర్వాత ఆశ కనబడ్డాయి. మొక్కు తీరుతుంది, పైన మోకాళ్ళ మందులకీ మిగులుతుంది. ఆవిడ గోరు ముడి మీదికి వెళ్ళింది. ముడి విప్పకూడదని చెప్పింది ఆవిడే, విప్పబోతున్నదీ ఆవిడే. నాకు చచ్చిపోతానేమోనన్న భయం పట్టుకుంది.

అప్పుడు లేచింది మా మేనత్త.

"ఏమండీ, మా సీటు అమ్ముకున్నవారు మాకు ఊరికే పాతిక ఇస్తారటండీ? కొసరు ఇస్తున్నారంటే అసల్లో ఎక్కడో కోసే ఉంటారు."

బస్సంతా ఒక్కసారి ఆవిడ మీద పడింది. మహానుభావుణ్ణి పట్టుకుని ఆ మాటలేంటన్నారు. దేవుడి పనికి అడ్డొస్తే పురుగులు పడి పోతావంది ఒకావిడ. యజమాని నోట్లోంచి అమ్మగారండీ మాయమైంది. ఇష్టం లేకపోతే దిగిపోవచ్చు, పర్మిట్ రాగానే బస్సు కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదన్నాడు. నాయనమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, "నీకు దణ్ణం పెడతానే, కూర్చోవే" అంది.

మా మేనత్త కూర్చోలేదు. నా రెక్క పట్టుకుని సీట్లోంచి లాగింది. "ముడుపు దీనిదేగా. దీన్ని తీసుకెళుతున్నా. ఇది తిరిగొచ్చేదాకా ముడి విప్పావో, చూడు" అని తల్లితో అని, నన్ను ఈడ్చుకుంటూ బస్సు దిగేసింది. నాయనమ్మ వెనక నుంచి నా పేరు పెట్టి గోల పెట్టింది. నన్ను ఎందుకు లాక్కెళ్ళిందో అప్పుడు నాకు తెలియలేదు. నేను బయట ఉంటే నాయనమ్మ బస్సు కదలనివ్వదు, ముడీ విప్పదు. ఆ మనిషి నన్ను తాకట్టు పెట్టింది, అంతే.

నేపాల్ గేటు నడిచి దాటాం. అవతల అరటిపళ్ళు అమ్ముతున్న ఒక ముసలావిడ ముందు ఆగింది మా మేనత్త. చిన్నప్పుడు హిందీ పరీక్షలు ఒకటి రెండు రాసిందిలెండి, ఆ ముక్కలతోనే బేరం. డజను ఎంత అని అడిగింది. మా డబ్బులైతే ఎంత, మీ డబ్బులైతే ఎంత అని మళ్ళీ అడిగింది. మీవైతే పది, మావైతే పదహారు అంది ముసలావిడ. మా మేనత్త పక్క కొట్టుకి వెళ్ళి, అక్కడ అగ్గిపెట్టెల కట్ట అడిగింది. అక్కడా లెక్క అలాగే వచ్చింది. "చూశావే, మన పది వాళ్ళ పదహారు. అంటే వందకి నూట అరవై. ఆ రుద్రాక్షలవాడు ముప్పై అయిదు మింగి పాతిక కొసరంటున్నాడు" అంది. పశుపతి హుండీలో మా నోట్లు వెయ్యవచ్చా అని కూడా ముసలావిడనే అడిగింది. ఆవిడ పళ్ళు లేని నోటితో నవ్వి, ఆ స్వామికి వచ్చేదాంట్లో సగం మీదే కదమ్మా అంది.

ఈలోగా నోట్లకట్ట పట్టుకుని ఒకడు మా వెంటపడ్డాడు. వందకి నూట ఎనభై ఇస్తానన్నాడు. నాకు ఆనందం పట్టలేదు, అత్తా ఇద్దామా అని చెయ్యి లాగాను. "తక్కువిచ్చేవాడు దొంగ. అందరికన్నా ఎక్కువిచ్చేవాడు గజదొంగ. నడు" అని ఒక్కటి వేసింది. ఆ తర్వాత బ్యాంకు కిటికీ దగ్గరికి వెళ్ళి, గోడ మీది బోర్డు చదివి, ఒకే ఒక్క వంద నోటు మార్చింది. ఇచ్చిన డబ్బు కిటికీ ముందు నుంచి కదలకుండా, ప్రతి నోటూ విప్పి, రెండు వైపులా చూసుకుంది. వెనక వరసలో వాళ్ళు తిట్టుకుంటున్నా పట్టించుకోలేదు. రసీదు అడిగి తీసుకుంది. అక్కడా ఒక చిన్న గొడవ పెట్టుకోకుండా రాలేదనుకోండి.

మేము తిరిగొచ్చేసరికి బస్సు హారన్ కొడుతూనే ఉంది. నాయనమ్మ ముడుపుని రెండు చేతుల్లో నొక్కిపట్టుకుని తలుపు మెట్టు మీదే కూర్చుంది, ఎవరు లేపినా లేవకుండా. ముడి అలాగే ఉంది. అది చూశాకే నాకు ఊపిరి ఆడింది.

మా మేనత్త బ్యాంకు రసీదు, వందకి నూట అరవై అని, అందరికీ వినబడేలా చదివింది. ఆ తర్వాత తల్లి వైపు తిరిగి, "మొక్కుకున్నది మన రూపాయలు. వాళ్ళ రూపాయలు లెక్కపెట్టి వేస్తే స్వామికి అందేది మన ఏడొందలు. మనుషుల్ని చాలక దేవుణ్ణి కూడా ముంచుదామా?" అంది. నాయనమ్మ ముడుపుని కళ్ళకద్దుకుంది.

ఇప్పుడు అందరూ ఆ యజమాని గొంతు పట్టుకుంటారని నేను ఎదురుచూశాను. ఒక్కరూ అడగలేదు. ఇంకా చాలా దూరం ఆ బస్సులోనే వెళ్ళాలి, ఆయన వంటే తినాలి. కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కాబట్టి మా మేనత్త మీదే దించుకున్నారు. తెలియకపోతే హాయిగా ఉండేవాళ్ళం, ఈవిడ చెప్పి మా కడుపు మండించిందన్నారు. కొబ్బరి వ్యాపారి మాత్రం మిగిలిన డబ్బు తీసుకుని, అటు నష్టాన్ని ఇటు పూడ్చుకుందామని ఆ నూట ఎనభైవాడి దగ్గరికే పరుగెత్తాడు. తిరిగొచ్చి విప్పి చూసుకుంటే కట్ట మధ్యలో నోట్లు సగానికి మడిచి ఉన్నాయి, ఒక్కోటి రెండుగా లెక్కకొచ్చింది. అదీ మా మేనత్త తప్పే అయింది. ఆ రోజు నుంచి మాకు గిన్నె అడుగున మాడిన అన్నమే వడ్డించారు. మా పక్క సీటులో ఆవిడ సామాను తీసుకుని ముందుకి వెళ్ళిపోయింది.

కొండ దారుల్లో బస్సు ఎక్కుతుంటే, ఇంతమందితో తిట్లు తిన్నది నా కోసమే కదా అని నాకు మొదటిసారి ఆవిడ మీద ఏదో కలిగింది. అత్తా, నా కోసమే కదా దిగావు అని అడిగాను. "నీ కోసమెందుకే. సీటు కోసం" అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఇంక ఆవిడతో మాట్లాడకూడదనుకున్నాను.

ఖాట్మండూలో స్వామి దర్శనమయ్యాక నాయనమ్మ నా చెయ్యి ముడుపు మీద వేయించి, ఆ పసుపుగుడ్డను ముడితో సహా హుండీలో వదిలింది. ఆవిడ ఏడిచింది. నేను దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి, మా మేనత్త నడుము సంచిలోంచి బ్యాంకులో మార్చిన నేపాల్ డబ్బు, దారిలో కొన్న అరటిపళ్ళకి పోను మిగిలిందంతా, తీసి హుండీలో వేస్తోంది. ఎందుకే అని నాయనమ్మ అడిగితే, నా వైపు గడ్డం చూపించి, "ముడుపు అసలు. ఇది కొసరు" అంది. అని, చెప్పుల దగ్గర ఎవరితోనో గొడవ పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది. తర్వాత కూడా మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు ఏ దేశం వెళ్ళినా నేను ముందు ఒక్క నోటే మారుస్తాను. కొట్టులో ధర రెండు డబ్బుల్లోనూ అడుగుతాను, కిటికీ వదలకుండా నోట్లు విప్పి లెక్కపెడతాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు, మా పిల్లలు సిగ్గుపడతారు. కమిషన్ లేదు, పైగా మీకు ఇంత అదనం అని ఎవరైనా నవ్వుతూ చెబితే, అసల్లో ఎంత కోశారండీ అని అడిగేస్తాను. ప్రతిసారీ ఎక్కడో కోసే ఉంటారు. అసల్లో ఏమీ కోయకుండా ఈ జన్మలో నాకందిన కొసరు ఆ రోజు హుండీలో పడిందొక్కటే.