చెత్త లేని ఊళ్లో డ్రాయింగు సారు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పడం మొదలుపెడితే మీ పనులు మీకు సాగవు. అందుకని ఒక్కటే చెబుతాను, అన్నిటికన్నా ఘోరమైనది. మొదట్లో హాయిగా నవ్వుకోండి. మధ్యలో నవ్వు ఆగిపోతే నన్ను తిట్టుకోకండి, నాకూ అక్కడే ఆగిపోయింది.

మాది కొండల కింద కొంటా అనే చిన్న పట్నం. నాన్నకు కిరాణా దుకాణం. నేను జగదల్‌పూర్‌లో చిత్రలేఖనం డిప్లొమా చేసి, గుట్ట మీద ఉన్న ఒక దోర్లా గిరిజన రైతుల ఊరి బడిలో డ్రాయింగు సారుగా చేరాను. పారేసిన సామానుతో బొమ్మలు చేసే వీడియోలు ఫోనులో చూసీ చూసీ, ఈ కొండజనానికి కళ నేర్పడానికే పుట్టానని గట్టిగా నమ్మేశాను.

"రేపు అందరూ ఇంట్లో పనికిరాని వస్తువు ఒకటి తేవాలి" అని హుకుం జారీ చేశాను.

మర్నాడు క్లాసు క్లాసంతా ఖాళీ చేతులతో వచ్చింది.

"ఏంది, ఒక్కరూ తేలేదా?"

"పనికిరానిది ఏం లేదు సార్" అంది ముందు వరసలో కూర్చునే సుక్కి.

"చిరిగిన చొక్కా?"

"అమ్మ తమ్మునికి బొంత కుట్టింది."

"పగిలిన బకెట్టు?"

"దాని కింద కోడిపిల్లల్ని మూస్తం."

"పోనీ, ప్లాస్టిక్ సీసా?"

"నూనె పోసుకుంటం సార్. మీ తాన ఉంటే ఇయ్యున్రి."

చూశారా నా రాత? చెత్తతో కళ నేర్పుదామని వస్తే ఆ ఊళ్లో చెత్తే లేదు. నాకు పౌరుషం వచ్చింది. ఆదివారం పొద్దున్నే బైకు మీద గోనెసంచి వేసుకుని వేటకు బయలుదేరాను.

ఊరి చివర ఇప్పచెట్ల కింద నిలబెట్టిన రాళ్లున్నాయి. వాటి మొదళ్లలో చెంబులు, గిన్నెలు, ఒక గొడుగు, నీళ్లు పట్టుకెళ్లే సొరకాయ బుర్ర. ప్రతి గిన్నెకీ అడుగున బొక్క, బుర్రకీ బొక్క. ఆ బొక్కలు చూసి ఎగిరి గంతేశాను. పనికిరానివనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి చెప్పండి? మా నాన్న ఏళ్ల తరబడి ఈ మనుషులకే ఉప్పూ సబ్బులూ అమ్మాడు. వాళ్లింట్లో మనిషి పోతే ఏం చేస్తారో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

సోమవారం సంచి బోర్లించాను. పిల్లలు గోడ దాకా జరిగారు.

"ముట్టుకోం సార్" అంది సుక్కి.

"ఎందుకు?"

"మావి కావు."

"ఎవరివీ కావు. పారేసినవి."

ఆ పిల్ల తల దించుకుంది. సారుకు ఎదురు చెప్పే అలవాటు వాళ్లకు లేదు. మళ్లీ అడిగే అలవాటు నాకు లేదు.

సరే, మీ గురువే చేసి చూపిస్తాడని బుర్ర ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. దాని ఒళ్లంతా కాల్చిన గీతలున్నాయి. పిచ్చిగీతలు అనుకుని గరుకు కాగితంతో నున్నగా అరగదీశాను. బొక్కకు లప్పం పెట్టాను. పైన పసుపు ఎనామిల్ కొట్టి, కళ్లూ ముక్కూ దిద్ది చిలకను చేశాను. చిలక పసుపేమిటంటారా, ఆకుపచ్చ డబ్బా అయిపోయింది.

శనివారం ప్రదర్శనకు పెద్దవాళ్లను పిలిచాను. బల్ల మీద ఉన్న సామాను చూసి ఒక్కరూ మాట్లాడలేదు. నా కళకు నోట మాట రావడం లేదనుకున్నాను. అప్పుడు బడి పక్కింటి ముత్తి అవ్వ వచ్చింది. చూపు ఆనదు, చేత్తో తడుముకుంటూ నడుస్తుంది. బల్లంతా తడిమి చిలకను ఎత్తింది. మెడ నిమిరింది. అడుగున లప్పం మీద బొటనవేలు పెట్టి ఆగింది.

"ఇది నా బిడ్డది సారూ."

"అట్లనా? ఆమెను కూడా రమ్మను అవ్వా, చూస్తుంది."

"దాని పేరు లక్కె. పోయిన వానల్ల జ్వరమొచ్చి సచ్చిపోయింది. ఈ బళ్లెనే సదివింది."

చిలకను తీసుకోబోయాను. అవ్వ వదల్లేదు.

"బొక్క ఎందుకు మూసినవ్?"

"కారుతుందని..."

"బొక్క పెడితేనే పోయినోళ్లకు చేరతది. మూస్తే మల్ల మనదైతది. ఇన్ని దినాలు నా బిడ్డ దేంట్ల తాగిందో ఏమో."

ఎవరైనా నాలుగు తగిలించి ఉంటే బాగుండేది. నేను రంగు పూయని సామాను మగవాళ్లు ఏరుకుని రాళ్ల దగ్గరికి తీసుకుపోయారు. అవ్వ బుర్రను నా చేతికిచ్చింది.

"మల్ల బొక్క నువ్వే పెట్టు. ఒకపారి నేను పెట్టిన. ఇంకోపారి నా చేతులు రావు."

సుక్కి దగ్గర వృత్తలేఖిని తీసుకుని దాని మొనతో లప్పం తవ్వాను. పిల్లల ముందే, సారునన్న మాట మరిచి, వెక్కి వెక్కి ఏడ్చాను. కిరోసిన్‌తో రంగు తుడిచి అవ్వకు ఇచ్చాను. ఆమె బుర్ర చుట్టూ వేళ్లు తిప్పింది. మళ్లీ తిప్పింది.

"గీతలేవి సారూ?"

"అరగదీశాను అవ్వా. తప్పయింది. ఏం గీసి ఉందో చెప్పు, అచ్చం అట్లాగే గీస్తాను."

"జ్వరం తగ్గినప్పుడల్లా లేసి, కత్తి కాల్చి గీసేది. ఎవర్నీ చూడనియ్యలే. ఏం గీస్తున్నవే అంటే నవ్వేది. నాకేమో కండ్లు ఆనవు, ఉట్టిగా తడిమేదాన్ని." అవ్వ నా వైపు మొహం తిప్పింది. "నీకు కండ్లున్నయి. రెండు దినాలు ముందల పెట్టుకున్నవ్. ఏం గీసింది సారూ నా బిడ్డ?"

నెమలి అనో చెట్టు అనో ఒక అబద్ధం ఆడవచ్చు. అదీ చేతకాలేదు. ఒక్క గీత, ఒక్క చుక్క కూడా గుర్తు రాలేదు.

కాబట్టి మహాజనులారా, నా డిప్లొమా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో గరుకు కాగితం పట్టేముందు కళ్లు తెరిచి చూస్తాను. పిచ్చిగీతలైనా సరే, ఎవరు గీశారని అడుగుతాను. ఏం గీసి ఉందో ఒక తల్లికి చెప్పగలిగేదాకా చూస్తాను. ముత్తి అవ్వకు మాత్రం ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు.