మా జేజి తప్పు పాడిన పాట

నా చిన్నప్పుడు మా వీధి ఆడవాళ్ళు ఒక్క మాటకు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ మాట దుడ్లు. దుడ్లంటే డబ్బులే, ఇంకేమీ కాదు. కర్నూలుకు పడమట, కన్నడం కలిసిన పల్లె నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన మా చిన్నమ్మ ఆ మాట అనేది. మాది కడప వైపు నేత ఊరు. వీధి పొడుగునా మగ్గాలే, ఇంటింటా నూలు కండెలు చుట్టే రాట్నాలే. చేతులకు పని ఉండేది కానీ నోళ్ళకు ఉండేది కాదు. "ఏం వదినా, దుడ్లు ఉండాయా?" అని పక్కింటి అక్క మొదలుపెడితే చాలు, వీధి వీధంతా అందుకునేది. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. నోరు ఊరుకోదు, అంతే.

చిన్నమ్మ ముందు వీధిలోకి రావడం మానేసింది. తర్వాత ఇంట్లోనూ మాట తగ్గిపోయింది. పెళ్ళైన కొత్తలో రాగులు విసురుతూ సన్నగా పాడుకునే మనిషి, పలకరిస్తే తల ఊపి ఊరుకునేది. నాకా ఆమె అంటే ప్రాణం. ఒంటిమిట్ట తిరునాళ్ళకు వాళ్ళన్న వస్తాడనీ, ఆయన వెంట పుట్టింటికి పోతే మళ్ళీ రాననీ ఒకరోజు నాకు జడ వేస్తూ చెప్పింది. జడ సగంలో ఉండగానే పరుగెత్తి మా జేజికి చెప్పేశాను. జేజి అంటే మా నాయనను కన్న తల్లి.

జేజి ఎవరినీ తిట్టలేదు. మరుసటి రోజు ఇంటింటికీ పోయి, సాయంత్రం మా అరుగు మీద కూర్చుని పాటలు పాడుకుందాం రాండమ్మా అని పిలిచి వచ్చింది. మా వీధి వాళ్ళు పాటంటే చెవి కోసుకునేవాళ్ళే. అయినా ఒక్కరూ రాలేదు. ఒకరు నూలుకు గంజి పెట్టాలన్నారు, ఇంకొకరికి కండెలు మిగిలిపోయాయట. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరికేది కాదు, వెలుగుండగానే పని తెమల్చుకోవాలి. అదీ నిజమే. మరి వీధిలో నిలబడి ఊసులాడుకోవడానికి ఆ వెలుగు ఎట్లా చాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి రోజు జేజి ఎవరినీ పిలవలేదు. తన రాట్నం అరుగు మీదికి తెచ్చుకుని, కండెలు చుడుతూ గొంతెత్తి పాడటం మొదలుపెట్టింది. అన్న చెల్లెలికి పచ్చ చీర తెచ్చే పాట అది, మా ఊళ్ళో అందరికీ వచ్చు. ఆ చీరకు ఎర్ర అంచు. జేజి మాత్రం పచ్చ చీరకు పచ్చ అంచు అని పాడింది. పోనీ ఒకసారా? తిప్పి తిప్పి అదే. నేతగాళ్ళ వీధిలో అంతకు మించిన అపచారం ఉంటుందా! పక్కింటి అక్క చేతిలో కండెతోనే వచ్చి పడింది.

"పచ్చ చీరకు పచ్చంచు యాడన్నా ఉంటాదా జేజీ? మతి పోయిందా నీకు?"

"అట్లనా తల్లీ? నాకు గ్యాపకం ల్యాదు. నువ్వే పాడు, చెవులారా ఇంటా."

అక్క పాడింది. ఎదురింటామె గడపలోంచే, అంచు ఎరుపు కాదు, వంకాయ రంగు అంది. ఇంకేముంది! నాలుగు రోజులు తిరిగేసరికి మా అరుగు మీద రాట్నాలకు చోటు చాలలేదు. పాడటం కొంత, పోట్లాడుకోవడం కొంత. చిన్నమ్మ మాత్రం తలుపు వెనకే ఉండిపోయింది. తిరునాళ్ళు దగ్గర పడ్డాయి. ఆమె పెట్టెలో చీరలు సర్దుకుంటుంటే చూసి నేను ఏడ్చేశాను.

ఆ సాయంత్రం జేజి కొత్త పాట ఎత్తుకుంది. వినగానే నాకు తెలిసిపోయింది, అది చిన్నమ్మ తిరగలి దగ్గర పాడుకునే పాట. "దొడ్డ మనసు మాయన్న రూపాయలు చూడడమ్మా" అని జేజి పాడేసరికి పాట కాలు మడతపడ్డట్టు కుంటింది. అందరూ రాట్నాలు ఆపేశారు. అక్కడ రూపాయలు కాదు, ఇంకేదో ఉండాలి. ఒకరు రూకలన్నారు. ఇంకొకరు డబ్బన్నారు. దాంతో నడక కుదిరింది కానీ దొడ్డకు జోడు కుదరలేదు. జేజి పట్టుబట్టినట్టు మళ్ళీ మళ్ళీ రూపాయలే అంటోంది. వినలేక అందరూ చెవులు మూసుకుంటున్నారు.

తలుపు కిర్రుమంది.

"అట్ల గాదత్తా, దుడ్లు" అంది చిన్నమ్మ. అనేసి నాలుక కరుచుకుంది.

నేను పక్కింటి అక్క ముఖమే చూస్తున్నాను. ఆమె గనక నవ్విందా, చిన్నమ్మ మాకు దక్కదు. అక్క నవ్వలేదు. "దొడ్డ మనసు మాయన్న దుడ్లు చూడడమ్మా" అని ముందు పెదవుల మీదే అనుకుంది, తర్వాత గొంతెత్తి పాడింది.

"ఓయమ్మో, ఎంత బాగుండాది! ఆ మాట ల్యాకుంటే పాటే ల్యాదు గదా వదినా. తర్వాతేముండాది? పాడు."

జేజి తన రాట్నం కొంచెం పక్కకు జరిపింది. చిన్నమ్మ ఆ చోట కూర్చుంది. మొదట సన్నగా అందుకుంది, పోను పోను గొంతు పెంచింది. పూర్తిగా చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు, గంజి పెట్టాల్సినవాళ్ళు కూడా.

తిరునాళ్ళకు వాళ్ళన్న వచ్చాడు. చిన్నమ్మ ఆయనతో పాటు ఒంటిమిట్టకు వచ్చి, దేవుణ్ణి చూసి, ఆయనను రైలెక్కించి, మాతోనే ఇంటికి తిరిగి వచ్చింది. దారి పొడుగునా ఆమె కొంగు నేను వదల్లేదు.

పాట తప్పెందుకు పాడావని తర్వాత జేజిని అడిగాను. "పిలిస్తే ల్యాని పనులు గ్యాపకమొస్తాయి పాపా. తప్పు పాడితే ఉండే పని మరిచిపోతారు" అంది. ముసలామెకు మతి తప్పిందని వీధిలో చాలా కాలం అనుకున్నారు. జేజి ఒక్కనాడూ కాదనలేదు.

ఇప్పుడు నాకే మునిమనవళ్ళున్నారు. ఈ ముసలామెకు ఒక్క పాటా సరిగ్గా రాదని వాళ్ళకు గట్టి నమ్మకం. సాయంత్రమైతే ఒకరి మీద ఒకరు పడుతూ నా మంచం చుట్టూ చేరి నన్ను దిద్దుతారు. అన్ని పాటలూ నాకు పొల్లుపోకుండా వచ్చు. ఆ సంగతి మాత్రం వాళ్ళకు చెప్పను.