వెండెల్ పికెట్ ఎడమ మోకాలు

ఇరవై ఏళ్లలో వెండెల్ పికెట్ అరవై ఒక్కసారి బాక్సింగ్ రింగులోకి దిగాడు. నలభై ఎనిమిదిసార్లు ఓడిపోయాడు. ఒక్కసారీ కింద పడలేదు.

అమెరికాలోని టొలీడో ఊళ్లో ఈ సంగతి పట్టించుకున్నవాళ్లు ముగ్గురే. వెండెల్, అతని భార్య వెర్నా, ఇంకా రూఫస్. రూఫస్ మామూలు రోజుల్లో వెండెల్‌తో కలిసి ఇళ్లకు ఫ్రిజ్‌లు మోస్తాడు. పోటీ రోజున రింగు మూలన బకెట్టు, తువ్వాలు పట్టుకుని నిలబడతాడు.

ఓడిపోవడం కూడా ఒక పనే. పైకొస్తున్న కుర్రాళ్లకు గెలుపులు కావాలి. వాటిని ఎవరో ఒకరు ఇవ్వాలి. పోటీకి ఒప్పుకున్న ఎవడికో మణికట్టు విరిగితే, వాడి బదులు రమ్మని వెండెల్‌కు ఫోను వచ్చేది. ట్రక్కు వేసుకుని వెళ్లేవాడు. ఆరు రౌండ్ల పాటు దెబ్బల్ని భుజాల మీద, మోచేతుల మీద కాచుకునేవాడు. పాయింట్ల మీద ఓడి, చెయ్యి కలిపి, ఇంటికొచ్చేవాడు. ఒంటి మీదకొచ్చిన మనిషిని రెండు చేతుల్లోకి లాక్కుని, బరువంతా తన తుంటి మీదకు తెచ్చుకుని, నెమ్మదిగా తిప్పేవాడు. రెండు తలుపుల ఫ్రిజ్‌ను మెట్ల మలుపులో తిప్పేదీ అలాగే.

"పడకపోతే ఏంటయ్యా అంత గొప్ప?" అని వెర్నా ఒకసారి అడిగింది. "ఓడింది ఓడినట్టేగా?"

"ఓడానో లేదో జడ్జీలు చెప్పాలి. పడ్డానో లేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

వెండెల్ నలభై ఒకటో ఏట డెక్స్టర్ హేల్ అనే ఆయన వాళ్లింటికి వచ్చాడు. పోటీలు ఏర్పాటు చేసి, ముందే డబ్బు కట్టించుకుని ఇంటింటా టీవీలో చూపించడం ఆయన వ్యాపారం. వెర్నా పెట్టిన యాపిల్ కేకు రెండు ముక్కలు తిన్నాక విషయం చెప్పాడు. కేడెన్ బ్లిస్ అని ఇరవై మూడేళ్ల కుర్రాడు ఉన్నాడు. స్నానాల తొట్టిలో కూర్చుని పచ్చిమిరపకాయలు తినే వీడియోలతో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత బాక్సింగ్‌లోకి దిగి, రిటైరైన బాస్కెట్‌బాల్ ఆటగాణ్ని ఒకణ్ని కొట్టాడు. టీవీలో వాతావరణం చెప్పే ఆయన్ను కొట్టాడు. ఇప్పుడు అసలు బాక్సరు ఒకడు కావాలి.

"ఆ అబ్బాయికి బాక్సింగ్ వచ్చా?" అని వెండెల్ అడిగాడు.

"కోటీ ఇరవై లక్షల మంది చూస్తారు వాణ్ని."

"నేనడిగింది అది కాదండీ."

"చూడు బ్రదర్. ఎనభై డాలర్లు కట్టి చూడ్డానికి జనం కాచుకుని కూర్చున్నారు. నేనెవరి పీక మీదా కత్తి పెట్టట్లేదు. వాళ్లు అడిగిందే అమ్ముతున్నా. తప్పేముంది?"

"మా వీధి చివర చేపల కొట్టువాడూ ఇదే అంటాడు, కుళ్లిన చేప అంటగట్టేటప్పుడు," అన్నాడు రూఫస్.

"కుళ్లిందని తెలిసే కొంటున్నారయ్యా! ఈ వ్యాపారంలో అందమే అది."

"తెలిసే కొంటుంటే మరి ఇంత డప్పు దేనికండీ?" అంది వెర్నా.

డెక్స్టర్ మూడో ముక్క తీసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "మూడో రౌండులో కాస్త పడితే బాగుంటుంది. కాగితం మీద రాసేదేం కాదు. ఊరికే, మాటవరసకి."

"ఓడతాను. పడను."

"పడితే మళ్లీ పిలుస్తాం."

"ఓడతానండీ. పడను."

డెక్స్టర్ ఆ మాట విననట్టే అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

డప్పు మొదలైంది. వెండెల్‌కు 'టొలీడో కసాయి' అని పేరు పెట్టారు. మాంసం కొట్టుకు తీసుకెళ్లి, తోలు తీసి వేలాడదీసిన దూడల మధ్య నిలబెట్టి, చేతికి కత్తి ఇచ్చారు. వెండెల్ నెత్తురు చూడలేడు. కళ్లు సగం మూసుకున్నాడు. కెమెరాలో అది క్రూరత్వంలా పడింది. పని అయ్యాక ఇంటికి రెండు పౌండ్ల సాసేజీ కొనుక్కొచ్చాడు.

వీడియోలో ఒక బొంగురు గొంతు చెప్పింది: ఈ మనిషి తన చేతులతో ముగ్గుర్ని ఆసుపత్రికి పంపాడు. అది అబద్ధం కాదు. ముగ్గురూ అతనితో పనిచేసినవాళ్లే. ఒకడి వేలు ఫ్రిజ్ తలుపులో ఇరుక్కుంది, ఇద్దరికి నడుము పట్టేసింది. వెండెలే వాళ్లను ట్రక్కెక్కించి ఆసుపత్రిలో దించాడు.

"ఇది నువ్వేనా?" అంది వెర్నా వీడియో చూసి. "పక్కన పడుకోవాలంటే నాకే దడగా ఉంది."

ఆ వీడియోను అందరికంటే ఎక్కువసార్లు చూసినవాడు కేడెన్.

లాస్ వేగాస్‌లో పోటీకి ముందురోజు ఇద్దర్నీ తూకం వేశారు. తూకం అయ్యాక ముక్కూ ముక్కూ ఆనించి గుడ్లురిమి చూసుకోవాలి. అది రివాజు. కేడెన్ మైకు పట్టుకుని, "ముసలి ఎద్దూ! రేపు నిన్ను ముక్కలు చేసి పెనం మీద వేస్తా!" అని అరిచాడు. జనం ఈలలు వేశారు. దగ్గరకొచ్చాక గొంతు తగ్గించాడు.

"సార్, మీరు నిజంగానే ముగ్గుర్ని ఆసుపత్రికి పంపారా?"

వెండెల్ అబద్ధం ఆడడు. "అవును బాబూ," అన్నాడు.

ట్రక్కు సంగతి చెప్పబోయేలోగా కాపలావాళ్లు ఇద్దర్నీ విడదీశారు. కేడెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజు అతను ఏమీ తినలేదని, కంటి మీద కునుకు లేదని తర్వాత తెలిసింది.

మర్నాడు గంట మోగగానే కేడెన్ పదకొండు దెబ్బలు విసిరాడు. తొమ్మిది గాలికి తగిలాయి. అంతటితో అతని ఊపిరి అయిపోయింది.

"ఒరేయ్ వెండెల్!" రూఫస్ మూలనుంచి కేకవేశాడు. "గట్టిగా ఊపిరి వదలకు, వాడు పడిపోతాడు!"

ఈ కుర్రాడి చేతిలో ఓడిపోవాలంటే ముందు ఇతన్ని నిలబెట్టాలి. వెండెల్ అతన్ని చేతుల్లోకి లాక్కున్నాడు. చెవిలో నెమ్మదిగా చెప్పాడు: "ముక్కుతో పీల్చు. చేతులు పైకెత్తు. ఇప్పుడు నా పక్కటెముకల మీద కొట్టు. ఊఁ. ఇంకోటి."

"మీకు నొప్పి పుడుతుందేమో సార్."

"పుట్టదులే. కొట్టు."

హాలు దద్దరిల్లింది.

రెండో రౌండు అయ్యాక రూఫస్ నీళ్లు పట్టించాడు. "ఎలా ఉందిరా?"

"బరువుగా ఉన్నాడు."

మూడో రౌండులో డెక్స్టర్ ముందు వరసలోంచి బొటనవేలు కిందికి చూపించాడు. వెండెల్ అటు చూడలేదు. నాలుగో రౌండులో డెక్స్టర్ రెండు బొటనవేళ్లూ చూపించాడు.

ఐదో రౌండు మధ్యలో కేడెన్ కళ్లు తేలిపోయాయి. అతన్ని ఎవరూ కొట్టలేదు. మోకాళ్లు సడలి, మనిషి వెనక్కి వాలిపోతున్నాడు. రింగు గుడ్డ కింద పలచటి మెత్త, దాని కింద చెక్క. తల వెనకభాగం ఆ చెక్కకు తగిలినవాళ్లు వెండెల్‌కు తెలుసు. వాళ్లలో ఒకడికి ఇప్పటికీ భార్య అన్నం తినిపిస్తుంది.

మెట్ల మీద ఫ్రిజ్ జారినప్పుడు రెండే దారులు. వదిలేసి పక్కకు దూకడం ఒకటి. దాని కిందకు వెళ్లడం రెండోది. వెండెల్ ఎప్పుడూ వదిలెయ్యలేదు.

కిందకు వెళ్లాడు. ఒక చెయ్యి కుర్రాడి మెడ కింద, ఒకటి నడుం కింద. ఆ బరువుకు అతని ఎడమ మోకాలు నేలకు ఆనింది.

రిఫరీ కొత్తవాడు, నిబంధనలు కంఠతా పట్టినవాడు. పాదాలు తప్ప ఒంట్లో ఇంకేది నేలకు తగిలినా పడ్డట్టే. వంగి శ్రద్ధగా చూశాడు. కేడెన్‌కు పాదాలు మాత్రమే నేల మీద ఉన్నాయి. మిగతా మనిషంతా వెండెల్ చేతుల్లో ఉన్నాడు. వెండెల్ మోకాలు మాత్రం నేల మీద ఉంది.

రిఫరీ వెండెల్‌కు అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు; పది అయ్యేలోగా లేవకపోతే నాకౌట్. "ఒకటి!"

"అయ్యా, ఈ అబ్బాయిని చూడండి," అన్నాడు వెండెల్.

"రెండు!"

లేవడం ఎంతసేపు? చేతులు వదిలితే చాలు.

"లేవరా! అరవై ఒక్కసారి పడలేదురా, అరవై ఒక్కసారి!" రూఫస్ గొంతు చిరిగిపోయింది.

"ఐదు! ఆరు!"

వెండెల్ కుర్రాడి మొహం మీద ఊదాడు. ఎనిమిది దగ్గర కేడెన్ కళ్లు తెరిచాడు.

"నిలబడగలవా బాబూ?"

"కాస్త ఉండండి సార్."

"తొమ్మిది!"

"ఉంటాలే," అన్నాడు వెండెల్.

పది అయింది. రిఫరీ కేడెన్ చేతిని ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని, వెండెల్ ఒళ్లోంచే పైకెత్తి విజేతగా ప్రకటించాడు.

పోటీల పుస్తకంలో అది ఒకే ముక్కగా ఎక్కింది: ఐదో రౌండు, నాకౌట్. వెర్నా చదివి పుస్తకం మూసేసింది.

"డెక్స్టర్ గారు ఫోన్ చేశారు," అంది. "మూడో రౌండు కంటే ఐదోదే బాగుందట. నీకు వ్యాపారం తెలుసట."

వెండెల్ ఆ రోజు అన్నం సగంలో వదిలేశాడు.

తర్వాతి సోమవారం వాళ్లు ఫ్రిజ్ తీసుకెళ్లిన ఇంటాయన వెండెల్‌ను గుర్తుపట్టాడు. "ఎనభై డాలర్లు కట్టానయ్యా! ఆ మిరపకాయల పిల్లాడి చేతిలోనా పడ్డావ్?"

రూఫస్ నోరు తెరిచాడు. వెండెల్ తల అడ్డంగా ఊపాడు.

"పడ్డానండీ," అన్నాడు. "కాస్త ఆ తలుపు పట్టుకుంటారా?"

నెలన్నర తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం కేడెన్ ఫోన్ చేశాడు.

"సార్, వచ్చే నెల నాకు అసలైన ఛాంపియన్‌తో పోటీ పెట్టారు. 'పడనివాణ్ని పడగొట్టినవాడు' అని పోస్టర్లు వేశారు."

"వెళ్లకు."

"అమ్మకాలు మొదలైపోయాయి సార్."

అవతల కుర్రాడి ఊపిరి వినిపిస్తోంది.

"సరే. వెల్లకిలా మాత్రం పడకు. పక్కకు పడు."

"పక్కకంటే ఎలా సార్?"

వెండెల్‌కు తెలియదు. ఫోను సోఫా మీద పెట్టాడు. బల్ల జరిపాడు. తివాచీ మధ్యలో నిలబడి, గడ్డం గుండెకు ఆనించి, పక్కకు పడ్డాడు. గోడ మీద పెళ్లి ఫొటో కదిలింది.

"ముందు భుజం ఆనాలి," అన్నాడు కింద నుంచి. "ఉండు, ఇంకోసారి చూసి చెబుతా."

చప్పుడుకు వెర్నా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"పడుతున్నాను," అని వెండెల్ లేచి నిలబడ్డాడు. "ఆ కుర్చీ కాస్త పక్కకు తియ్యి."