చివరి గడిలో ఒక్క మాట

"పాపకి జబ్బు మళ్ళీ వస్తే?"

నెలరోజులుగా నా నోట ఇంకో మాట లేదు. మా పాప మూడేళ్ళ పిల్ల. మూత్రపిండాల జబ్బుతో మొహం, కాళ్ళు ఉబ్బితే ఆసుపత్రిలో చేర్చాం. వాపు తగ్గింది, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. డిశ్చార్జి కాగితం కోసం ఆసుపత్రి టైపిస్టు కిటికీ ముందు నిలబడ్డాను.

ఇరవై ఆరేళ్ళుగా ఆ కాగితాలన్నీ ఆవిడే టైపు కొడుతోంది. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ 'టైపత్తే'. కాగితం చివరి గడిలో రోగి పరిస్థితి ఒక్క ఇంగ్లీషు మాటలో రాయాలి. డాక్టరు రాత అర్థంకాకపోతే, ఊహించి కొట్టదు. మోకాళ్ళు పట్టుకుని రెండంతస్తులెక్కి అడిగొస్తుంది.

పాప గడిలో 'రెమిషన్' అని ఉంది, ప్రస్తుతానికి జబ్బు కనపడటం లేదని.

"అత్తా, 'క్యూర్డ్' అని కొట్టండి. పూర్తిగా నయమైందని ఇంట్లో అందరం కాస్త ఊపిరి పీల్చుకుంటాం."

"రెండూ ఒకటే అనుకున్నావా?"

"రెండిట్లోనూ జబ్బు లేనట్టేగా!"

"ఏం చదివావు నాయనా?"

"కెమిస్ట్రీ."

"తగలెట్టావ్. నీళ్ళలో ఉప్పు కరిగితే కనపడదు. పోయినట్టేనా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మా ఆయనకి మూర్ఛ. మాత్రలు వేసుకుంటూ ఉంటే మూడేళ్ళు రాలేదు. డాక్టరు 'కంట్రోల్డ్' అని రాశాడు. ఈయనకేమో మళ్ళీ బస్సు నడపాలని. 'నీ చేతిలో పనేగా, క్యూర్డ్ అని కొట్టవే' అని ఒకటే పోరు. కొట్టాను. బస్సు వాళ్ళు నమ్మలేదు. ఈయన నమ్మాడు. నేను కొట్టిన కాగితం నాకే చూపించి మాత్రలు మానేశాడు."

ఆరు వారాలకి స్నానాల గదిలో మూర్ఛ వచ్చి పడ్డాడట. తలకి దెబ్బ. పదకొండేళ్ళుగా మంచం మీదే. మధ్యాహ్నం ఆవిడ ఇంటికి పరిగెత్తుకెళ్ళి ఆయనకి అన్నం తినిపించి వస్తుంది. రోజూ తిని, "ఎవరమ్మా నువ్వు?" అంటాడట.

"ఇప్పుడాయనకి 'స్టేబుల్' అని రాస్తారు. బాగున్నాడని కాదు, మారడని. 'ఇంప్రూవ్డ్' అని కొట్టే రోజు నాకు రాదు."

గడిలో మాట మార్చకుండానే పాప కాగితం నా చేతిలో పెట్టింది.

"మాటకి అర్థం ఏంటని నన్నడక్కు. రాసినాయన దగ్గరికెళ్ళి, రేపు పొద్దున నేనేం చెయ్యాలని అడుగు. చెప్పింది చెయ్యి."

వెళ్ళి అడిగాను. రోజూ పొద్దున్నే పాప మూత్రంలో పరీక్ష పట్టీ ముంచి రంగు చూడమన్నాడు డాక్టరు. ఆకుపచ్చగా మారితే జబ్బు తిరగబెట్టినట్టే, వెంటనే తీసుకురమ్మన్నాడు. ఏడాదిలో రెండుసార్లు పట్టీ ఆకుపచ్చగా మారింది, రెండుసార్లూ మళ్ళీ చేర్చాం. మూడోసారి రాదని ఎవరూ అనలేదు. డాక్టర్లిప్పుడు కాగితంలో ఏ మాట రాసినా, నేను అడిగేది ఒక్కటే. రేపు పొద్దున నేనేం చెయ్యాలి?