మొదటి దగ్గు ఎవరిది

మా ఎదురింటి పురోహితుడు పోయిన శనివారం గుండె ఆగి చనిపోయారు. ప్రొద్దుటూరులో మా వీధి తద్దినాలన్నీ ఆయన పెట్టించినవే. ఆయన గురించి నాలుగు మంచిమాటలు రాద్దామని కూర్చుంటే ముందు ఈ వీధి మీద అసహ్యం పొంగుకొస్తోంది. కాస్త ఓర్చుకోండి.

కరోనా మొదటి ఏడు. నేను జమ్మలమడుగు బడిలో టీచర్‌ని; బడికి పిల్లలు రాకపోయినా మేం బస్సులో వెళ్లి రావాల్సి వచ్చేది. ఆషాఢంలో వీధిలో మొదటి పాజిటివ్ నాకే వచ్చింది. అంతే, రోగాన్ని బస్సులో తెచ్చి ఇంటింటికీ పంచింది నేనే అయిపోయాను. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి మా గడప మీద ఎవరో పేడనీళ్లు కుమ్మరించి పోయారు.

పురోహితుడి దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఎవరు ఏ తిథినాడు పోయారో అందులో రాసుకుని, ఏడాది తిరిగేసరికి వాళ్లింటికెళ్లి గుర్తుచేసేవారు. మా గడప చూశాక ఆయన అది తిరగేస్తే, ఆ ఏడు ఉగాదికి ముందే వీధిలో ముగ్గురు పెద్దవాళ్లు ఆయాసంతో పోయారని తేలింది. ఆ మూడు ఇళ్లకూ వెళ్లి ఒకటే అడిగారు.

"పోయిన దినం నాకు తెలుసు. దగ్గు ఎప్పుడు మొదలాయ?"

వాళ్లు చెప్పిన రోజుల్నించి వెనక్కి లెక్కేస్తే శివరాత్రి దాటిన వారానికి వచ్చింది. వీధి మధ్యలో నిలబడి అందరికీ చెప్పారు.

"అది కరోనానే అని ప్రమాణం చేయలేను, టెస్టు చేసినోళ్లు లేరు. కానీ ఈ పిల్ల కంటే శానా ముందే ఏందో ఈడ తిరుగుతాండె."

అక్కడితో ఆపలేదు. "ఆ మూడిండ్లల్లో వ్రతాలు చేయించింది నేనే. అప్పుడు నాకూ దగ్గుండె. మోసింది నేనేనేమో."

బట్టల కొట్టాయన చేతులు జోడించాడు. "సామీ, అట్లనగాకండి. టీచరమ్మే తెచ్చింది, అందరికీ తెలుసు."

అందరూ తలలూపారు. ఛీ! ఆయన్ని అంటే రేపు తద్దినం ఎవరు పెట్టిస్తారు? నన్నంటే వాళ్లకు పోయేదేముంది?

మర్నాటి నుంచి, బయట నీళ్లు ముట్టని ఆ మనిషి రోజూ పొద్దున్నే మా గడప దగ్గరికొచ్చి, అందరూ చూస్తుండగా గ్లాసుడు నీళ్లు అడిగి తాగేవారు. "దప్పికైతాంది తల్లీ" అనేవారు. ఆ నీళ్ల వల్లే నేను ఆ వీధిలో ఉండగలిగాను.

శనివారం ఆయన్ని దర్భల మీద పడుకోబెట్టారు. పులివెందుల నుంచి వచ్చిన ఆయన చెల్లెలికి బట్టల కొట్టాయన భార్య నన్ను చూపించింది. గొంతైనా తగ్గించలేదు.

"మన వీధికి కరోనా తెచ్చింది ఈయమ్మేనమ్మా."

చెల్లెలు నా వైపు ఒకసారి చూసి, వంగింది. కాదని చెప్పగలిగిన ఆ ఒక్క నోట్లో కడసారి బియ్యం గింజలు వేసింది.