టెంకాయ నీళ్లు పడిన బ్యాటరీ

మూలపడిన ఎలక్ట్రిక్ ఆటో బ్యాటరీతో ధర్మవరంలో పట్టుమగ్గం ఆడించింది ఎర్రమంచి ఊరి చెన్నప్ప కూతురు ప్రమీల. ఊరికే కాలేదు ఆ పని. మొదటిసారి బ్యాటరీ పెట్టె వేడెక్కి ఆగిపోయింది. రెండోసారి చీర అంచులో ఒక నెమలి పూర్తికాకముందే నీరసించింది. మూడోసారి, ఊరంతా కరెంటు పోయిన మధ్యాహ్నం పూట, నేతగాడు పుల్లన్న మగ్గం మీద దారాలెత్తే మోటారు టకటకమని ఆడుతూనే ఉంది. వీధిలో జనం నోళ్లు తెరుచుకుని వచ్చి, గోడ వెనక తీగల కోసం వెతికారు.

"ఏమబ్బా పుల్లన్నా, దొంగ కరెంటా?"

"ఆటో కరెంటప్పా. టికెట్ కొట్టించుకుని లోపలికి రా" అన్నాడు పుల్లన్న.

ఆనాటి నుంచి చెన్నప్ప కాళ్లు నేల మీద ఆనలేదు. బస్సులో పక్కన కూర్చున్నవాడు అడిగినా అడక్కపోయినా వరుసగా చెప్పేవాడు: పదో తరగతిలో మండలానికే మొదటి మార్కులు, హిందూపురం పాలిటెక్నిక్‌లో డిప్లొమా, కార్ల ఫ్యాక్టరీలో మగవాళ్లతో సమానంగా ఉద్యోగం, అది కూడా కాదనుకుని హిందూపురంలో సొంత కొట్టు. పాత బ్యాటరీలు విప్పి, లోపలి సెల్లులన్నీ పరీక్ష చేసి, బతికినవాటిని కొత్త పెట్టెలో కూర్చి మగ్గాలకూ అంగళ్లకూ ఇస్తుంది ప్రమీల. పూర్తిగా చెడినవాటిని, వాటిలోని లోహాలను వేరుచేసి తీసే కర్మాగారానికి పంపుతుంది. మన సీమలో ఎంతమంది చేయగలరీ పని?

ఆ కొట్టు పెట్టిన గది మాత్రం నూనె వ్యాపారి నాగేశ్వరయ్యది. బ్యాటరీలంటే భయపడి బజారులో ఇంకెవరూ చోటివ్వకపోతే, ఆయన ఒక్కడే తన నూనె అంగడి పక్క గది ఇచ్చాడు. అది పోతే ప్రమీలకు ఆ ఊళ్లో నిలబడే చోటు లేదు. ఈ సంగతి చెన్నప్పకూ తెలుసు.

అక్టోబరు ఒకటిన ఆయుధపూజ. పొద్దున్నే స్నానం చేసి, సంచిలో టెంకాయలూ బూడిద గుమ్మడికాయా వేసుకుని చెన్నప్ప కొట్టుకు వచ్చాడు. స్పానర్లకూ డ్రిల్లుకూ కుంకుమ పెట్టాడు. గడప మీద టెంకాయ కొట్టి, ఎద్దులబండికీ బోరు మోటారుకూ తన చిన్నప్పటి నుంచి చేసినట్టే, ఆ నీళ్లను సామాన్లన్నిటి మీదా చల్లుకుంటూ వచ్చాడు. ఇనుపబల్ల మీద మూత తీసి ఉన్న బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి, అది అన్నిటికన్నా గొప్పదని చిప్పలో మిగిలిన నీళ్లన్నీ దాని మీదే వంచాడు.

లోపలి నుంచి పూలు తెస్తున్న ప్రమీల కేక వేసింది. "నాయనా! దాని మీద వద్దు!"

"ఏమే పాపా, గుక్కెడు నీళ్లకే అంత అరుస్తాండావు?"

"దాంట్లో కరెంటు ఉండాది నాయనా."

"చెడిపోయిన బ్యాటరీ అంటివి కదే? కరెంటు యాడనుంచి వస్తాది?"

"ఆటోను లాగలేదు గానీ, కొట్టును కాల్చేంత ఉంటాది."

ఆమె గబగబా గుడ్డతో తుడిచింది, గాలి మిషన్‌తో ఆరబెట్టింది. ఏమీ కాలేదు. పొగ లేదు, వేడి లేదు. వాకిట్లో పండగకు వచ్చినవాళ్లు చూస్తున్నారు. వాళ్ల ముందు తండ్రి పూజ చేసినదాన్ని బయట పడేయడానికి ఆమెకు మనసొప్పలేదు. తాళం వేసి తండ్రీకూతుళ్లు పండగ ఓళిగలు తినడానికి వెళ్లారు.

మధ్యాహ్నం భోంచేసి తిరిగి వచ్చేసరికి తలుపు సందుల్లోంచి తెల్లటి పొగ. చెన్నప్ప ఎవరో సాంబ్రాణి వేశారనుకున్నాడు. ప్రమీల తలుపు తీసిన మరుక్షణం బల్ల మీద నుంచి మంట బాణసంచాలా బుస్సుమని కప్పు దాకా లేచింది. అవతల గోడను ఆనుకుని నాగేశ్వరయ్య నూనె డబ్బాలు! జనం ఇసుక పోశారు. ఆరింది అనుకున్నంతలో మళ్లీ లేచింది. బకెట్లతో నీళ్లు కొట్టారు. తగ్గింది, మళ్లీ లేచింది. ఆరిన మంట తనంతట తాను లేవడం చెన్నప్ప జన్మలో చూడలేదు.  ప్రమీల ఇనుప కొక్కెం తగిలించి, ఆ కాలుతున్న బల్లను వీధి మధ్యకు లాగేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ప్రాణాలకు ఏమీ కాలేదు, నూనె అంగడి దక్కింది.

"చూసినావా చెన్నప్పా, నీ కూతురి బాంబు!" నాగేశ్వరయ్య వీధిలోనే అరిచాడు. "దానంతట అదే పేలే సరుకుకు నా గది ఇయ్యను. రేపే ఖాళీ చేయల్ల."

"ఔను సావుకారూ, ఇవి దెయ్యం పట్టినవి" అన్నాడు చెన్నప్ప. కూతురి మీద ఆయన నోట మొదటిసారి వచ్చిన చెడ్డమాట అదే.

 మరునాడు ప్రమీల, అదే గదిలో కాలకుండా మిగిలిన ఇంకో బ్యాటరీని తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. పూజ నాడు మూత సందులోంచి దాంట్లోకీ నాలుగు చుక్కలు దిగాయి. మూత విప్పింది. రాగి అతుకుల దగ్గర జిగురు, దాని చుట్టూ పచ్చగా చిలుము.

"దానంతట అది పేల్లేదు సావుకారూ. టెంకాయ నీళ్లలో ఉప్పుంటాది, దాంట్లో కరెంటు పారతాది. తుడిస్తే పైది పోతాది, సందుల్లోకి దిగింది పోదు. అదే లోపల కూర్చుని నిదానంగా కాల్చింది. పోసింది మా నాయన. మూత తీసి పెట్టింది నేను. తెలిసి కూడా బయటికి లాగనిది నేనే."

చెన్నప్ప బ్యాటరీ మీదికి వంగాడు. దేవుని తల మీద పోసే నీళ్లు! తన చేత్తో, కూతురు చల్లగా ఉండాలని పోసిన నీళ్లు! ఆ పచ్చటి చిలుమును వేలితో తాకబోయి, చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. 

నాగేశ్వరయ్య బ్యాటరీనీ, ఆమె చేతుల కట్లనూ చూశాడు. "ఏమప్పా, మా అంగట్లో నూనె గానుగ మోటారుకు ఏటా నేనూ పోస్తా ఉండానే!" అన్నాడు బిత్తరపోయి.  "నూనె పక్కన మాత్రం వద్దు పాపా. పెనుకొండ రోడ్డులో ఊరి బయట నా రేకుల షెడ్డు ఉండాది. ఈ మంటను ఆర్పే పద్ధతి నేర్చుకుని రా, తాళం ఇస్తా. నేర్చుకోకుండా అడగొద్దు."

ప్రమీల బ్యాటరీలు పంపే కర్మాగారం బెంగళూరు అవతల ఉంది. అక్కడ ఇలాంటి మంటలను ఆర్పడం, బ్యాటరీలో మిగిలిన కరెంటును ముందే దించేయడం నేర్పుతారు. చేతులు మానగానే బయలుదేరింది. రైలెక్కించడానికి వచ్చిన చెన్నప్ప ప్లాట్‌ఫారం మీద నేల చూపులు చూస్తున్నాడు.

"పూజ మానేద్దామా పాపా?"

"ఎందుకు మానేది? టెంకాయ వీధిలో కొట్టు, బొట్టు గోడకు పెట్టు."

"నీళ్లు?"

"నువ్వు తాగు నాయనా. నీకేమీ కాదు."

చెన్నప్ప నవ్వలేకపోయాడు గానీ తల ఎత్తాడు. ఇప్పుడు ఎర్రమంచిలో ఎవరైనా కూతురి సంగతి అడిగితే మార్కులూ డిప్లొమా చెప్పడం లేదు. ఆమె పని నేర్చుకుని హిందూపురంలో దిగే రోజు ఒక్కటే చెబుతున్నాడు: నవంబరు ఇరవై నాలుగు, సోమవారం.